ఏటి చేప ఎవరిది? పట్టాలన్నా అమ్మాలన్నా చట్టం ఏమంటోంది

ఎవరూ సీడ్ (చేపపిల్లలు) తెచ్చి పోయకుండా, మేత వేయకుండా, ఏట్లోనో వాగులోనో తనంతట తాను పుట్టి పెరిగిన చేపను పట్టుకోవడానికి కూడా పర్మిషన్ కావాలా అని చాలామంది అడుగుతుంటారు. కావాలన్నా పూర్తిగా నిజం కాదు, అక్కర్లేదన్నా నిజం కాదు. మన దగ్గర చేపలకు సంబంధించిన చట్టమంతా ఒకే పుస్తకంలో లేదు. ఏ నీళ్లలో పట్టావు, ఏ వలతో పట్టావు, ఏ నెలలో పట్టావు, ఏ చేప పడింది, అది ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, వీటికి వేర్వేరు చట్టాలు, వేర్వేరు ఆఫీసులు జవాబు చెబుతాయి. మత్స్యశాఖ ఒకటి చూస్తుంది, అటవీశాఖ ఇంకొకటి చూస్తుంది, ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ మరొకటి. మధ్యలో నలిగిపోయేది మాత్రం రోజూ పుట్టి పడవ వేసుకుని ఏట్లోకి పోయేవాడే.

ముందు అధికారం ఎవరిదో చూద్దాం. రాజ్యాంగం చేపల వేటను రాష్ట్ర జాబితాలో 21వ అంశంగా పెట్టింది. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు దాటిన సముద్రంలో వేట మాత్రం కేంద్ర జాబితాలో 57వ అంశం. వన్యప్రాణుల రక్షణ ఉమ్మడి జాబితాలో ఉంది. కాబట్టి ఒకే చేప గోదావరిలో ఉంటే ఒక ప్రభుత్వం, లోతు సముద్రంలో ఉంటే ఇంకో ప్రభుత్వం, అభయారణ్యంలోకి ఈదుకుంటూ పోతే ఏకంగా వేరే చట్టం. కేరళలో పడవ నడిపేవాడు చెప్పిన రూలు కాకినాడలో చెల్లకపోవడానికి కూడా కారణం ఇదే.

ఇక నీళ్ల సంగతి. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

పారే ఏట్లో ఉన్న చేప ఎవరి ఆస్తీ కాదు. పట్టేదాకా దానికి యజమాని లేడు. అందుకని నదిలో చేప పట్టినవాడి మీద దొంగతనం కేసు నిలబడదు. అదే చేప నాలుగు వైపులా గట్లున్న సొంత చెరువులో ఉంటే ఆ చెరువు గలవాడి స్వాధీనంలో ఉన్నట్టు లెక్క, అడక్కుండా పడితే దొంగతనమే. అయితే నదిలో చేప ఎవరిదీ కాదన్నంత మాత్రాన ఎవరైనా దిగి పట్టొచ్చని కాదు. చేప ఎవరిదీ కాకపోయినా, పట్టే హక్కు ప్రభుత్వానిది. ఆ హక్కును ప్రభుత్వం లైసెన్సుల రూపంలోనో లీజు రూపంలోనో ఇస్తుంది. చేప వేరు, పట్టే హక్కు వేరు అన్న తేడా పట్టుబడితే సగం గందరగోళం తీరిపోతుంది.

నదులు, రిజర్వాయర్లలో సాధారణంగా మత్స్యశాఖ లైసెన్సులు ఇస్తుంది. ఊరి చెరువుల లెక్క వేరు. ఆయకట్టు వంద ఎకరాల లోపు ఉన్న చిన్న చెరువుల్లో చేపల హక్కు మామూలుగా పంచాయతీ చేతిలో, అంతకన్నా పెద్దవి మత్స్యశాఖ చేతిలో ఉంటాయి. ఎవరి చేతిలో ఉన్నా లీజుకు మొదటి అర్హత స్థానిక మత్స్యకార సహకార సంఘానిది. తెలంగాణలో ఈ సంఘంలో కొత్తగా సభ్యత్వం కావాలంటే అధికారుల ముందు నైపుణ్య పరీక్షకు నిలబడాలి, వల విసిరి చూపించాలి. చేపల వేట ఒక పని అని, అది వచ్చినవాళ్లకే ఆ నీళ్ల మీద మొదటి హక్కు అని ఒప్పుకున్న పద్ధతి ఇది. నాకు ఇందులో న్యాయం కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి అడ్డంగా జీవో 217 వచ్చింది. నెల్లూరు జిల్లాలో పెద్ద చెరువులను బహిరంగ వేలానికి పెట్టే జీవో అది. డబ్బున్నవాడు పాడుకుంటే తరతరాలుగా ఆ చెరువు మీద బతికినవాళ్లు అందులోనే కూలీలవుతారని మత్స్యకారులు గట్టిగా పోరాడారు, 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది.

సంఘం లీజుకు తీసుకున్న చెరువులో సంఘం పోసిన బొచ్చె, రవ్వ మాత్రమే ఉండవు. వాగు నీళ్లతో వచ్చిన జెల్లలు, పరకలు, ఇంగిలాయి, కొర్రమీను కూడా ఉంటాయి. "నేను మీరు పోసిన చేప ముట్టుకోను, నాటు చేప ఒక్కటే గాలంతో పట్టుకుంటా" అని ఆదివారం పూట వచ్చేవాళ్లు వాదిస్తుంటారు. ఆ వాదన నిలవదు. లీజు ఇచ్చింది ఆ నీళ్లలో పట్టే హక్కు మీద, ఫలానా చేప మీద కాదు. గాలమైనా సరే సంఘాన్ని అడిగి వేయాలి. చాలా ఊళ్లలో అడిగితే కాదనరు కూడా.

వల దగ్గరకు వద్దాం. దేశంలో చేపల మీద పాత చట్టం 1897 నాటి భారతీయ మత్స్య చట్టం. చిన్న చట్టమే గానీ ముఖ్యమైనవన్నీ అందులో ఉన్నాయి. డైనమైట్ లాంటి పేలుడు పదార్థం వేసి చేపలు చంపడం నేరం. విషం, సున్నం, ఇంకేదైనా హాని చేసే మందు నీళ్లలో కలిపి చేపలు పట్టడం నేరం. వల కన్ను (రంధ్రం) ఎంత ఉండాలి, చేపలు తిరిగే దారికి అడ్డంగా దడులు, పాతిన వలలు పెట్టొచ్చా లేదా, ఏ నీళ్లలో ఎంతకాలం వేట ఆపాలి అన్నవాటి మీద రూల్స్ చేసే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. ఒక నీటి వనరులో వేటను పూర్తిగా రెండేళ్ల దాకా ఆపే అధికారం కూడా ఉంది. ఇంతవరకు బాగుంది. శిక్ష చూడండి: ఆ చట్టం రాసినప్పుడు, ఏరంతా మందు పెట్టి చంపినవాడికి రెండు నెలల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా. 1897లో 200 అంటే పెద్ద సొమ్ము. ఇప్పుడు ఆ డబ్బుతో కిలో కొర్రమీను కూడా రాదు. పేలుడు వాడినవాడి మీద పేలుడు పదార్థాల చట్టం కింద పెద్ద కేసే పెట్టొచ్చు, కరెంటు తీగ వేసి పట్టేవాడి మీద కరెంటు చౌర్యం కేసు పెట్టొచ్చు. కానీ మందు పెట్టినవాడి మీద, సన్నకన్ను వల లాగినవాడి మీద పెట్టే కేసు మాత్రం చాలాసార్లు చిన్న జరిమానాతో తేలిపోతుంది.

సన్నకన్ను అంటే ఏమిటో తెలియాలంటే అలివి వల చూడాలి. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ వైపు సోమశిల దగ్గర, శ్రీశైలం బ్యాక్‌వాటర్‌లో ఏళ్ల తరబడి గొడవంతా దీని మీదే. వందల మీటర్ల పొడవుండే వల, కన్ను దోమతెరంత సన్నం. పడవలతో నీళ్లలో చుట్టూ తిప్పి, రెండు కొసలూ పట్టుకుని గుంపుగా కూలీలు ఒడ్డుకు లాగుతారు. అందులోంచి ఏదీ తప్పించుకోదు. వేలెడంత పిల్ల, గోరంత పిల్ల, నిరుడు ప్రభుత్వం సబ్సిడీ మీద వదిలిన పిల్ల, నదిలో సహజంగా పుట్టిన పిల్ల అన్నీ కలిసి వచ్చేస్తాయి. వాటిని పచ్చిగా కొనేవాడుండడు కాబట్టి ఒడ్డున ఇసుక మీదే ఎండబెట్టి, బస్తాల్లో తొక్కి, లారీలకు ఎక్కిస్తారు. ఇంకో ఏడాది నీళ్లలో ఉంటే రెండు కిలోలయ్యే చేప ఇక్కడ బస్తాలో గుప్పెడు పొట్టులా మిగులుతుంది. అలివి వల నిషేధం, అధికారులు పట్టుకుని తగలబెట్టడమూ జరుగుతూనే ఉంటుంది. వల కాలిపోతుంది, పెట్టుబడి పెట్టిన దళారి మాత్రం ఒడ్డున ఎక్కడా కనిపించడు. దొరికేది కూలికి వచ్చినవాళ్లు. పక్కనే కట్టు వల వేసుకునే పుట్టి మనిషికి పొద్దంతా తిరిగినా కూరకు సరిపడా పడదు. సన్నకన్ను వల తయారుచేసేవాడిని, అమ్మేవాడిని, ఎండుచేప కొనేవాడిని వదిలేసి ఒడ్డున వలలు తగలబెడుతూ కూర్చుంటే ఈ సమస్య తీరదని నా గట్టి నమ్మకం.

కాలం గురించి అందరికీ తెలిసింది సముద్రం సంగతి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు, ఇంజన్ పడవలు వేటకు పోకూడదు. పశ్చిమ తీరంలో అది జూన్ 1 నుంచి జులై 31. ఇంజన్ లేని సంప్రదాయ పడవలకు మినహాయింపు ఉంది. ఆ రెండు నెలలు పొయ్యి ఎలా వెలగాలన్న ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్‌లో వేట నిషేధ భృతి ఇస్తారు, 2025లో దాన్ని 20 వేలకు పెంచారు. మృగశిర కార్తె ఈ నిషేధం చివరి రోజుల్లోనే వస్తుంది. ఆ రోజు చేప తినాలని హైదరాబాద్ అంతా బజారుకు పోతుంది. ఆ వారం బల్ల మీద ఉన్న సముద్రపు చేప నాటు పడవలదైనా కావచ్చు, ఐసులో దాచిందైనా కావచ్చు, దొంగతనంగా పోయిన పడవదైనా కావచ్చు. చూసి చెప్పడం కష్టం.

మంచినీటి చేపకు కీలకమైన కాలం దాని తర్వాత మొదలవుతుంది. తొలి వానలకు వాగులు కదలగానే పొట్ట నిండా జనతో (గుడ్లతో) ఉన్న చేపలు నీటికి ఎదురెక్కుతాయి. మత్తడి దగ్గర, అలుగు దగ్గర, కల్వర్టు కింద గుంపులుగా దొరికేది అప్పుడే. గుడ్లు పెట్టే ఈ కాలంలో రిజర్వాయర్లలో వేట ఆపుతూ మత్స్యశాఖ ఉత్తర్వులిస్తుంది. వాగు కల్వర్టు కింద మాత్రం ఎవరు ఆపుతారు? ఎదురెక్కే దారికి అడ్డంగా దడి కట్టి, మావులు (బుట్టల్లాంటి ఉచ్చులు) పెట్టి, వచ్చినదాన్ని వచ్చినట్టు పట్టేస్తే పై చెరువుకు ఆ ఏడాది నాటు చేప చేరదు. పరకలు, జెల్లలు, బొమ్మిడాయిలు ఈమధ్య కనపడట్లేదని బాధపడేవాళ్లు కొంచెం ఈ లెక్క కూడా చూసుకోవాలి. పురుగుమందులూ, పూడిపోయిన వాగులూ కారణాలే, అందులో అనుమానం లేదు. కానీ జన చేపను కల్వర్టు దగ్గరే ఆపేయడం మన చేతుల్లో ఉన్న పని. చట్టం చెప్పినా చెప్పకపోయినా ఆ నెల రోజులు దారి వదలండి.

అభయారణ్యాల్లో మాత్రం ఈ లైసెన్సులు, లీజులు దేనికీ పనికిరావు. అక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నడుస్తుంది. పాపికొండల లాంటి జాతీయ పార్కులో, నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ లోపల మత్స్యశాఖ కార్డు చూపిస్తే సరిపోదు, అటవీశాఖ మాటే చెల్లుతుంది. అన్నిటికన్నా పెద్ద చిక్కు కొల్లేరుది. 1999లో +5 కాంటూరు (సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. సంప్రదాయ పద్ధతిలో వల వేసుకుని, మావు పెట్టుకుని బతికేవాళ్లను తరిమేయడం ఆ ప్రకటన ఉద్దేశం కాదు, సరస్సులో గట్లు పోసి చెరువులు తవ్వడం ఆపడమే. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తెగ్గొట్టింది కూడా అందుకే. కొల్లేటి చేప అని మనం బజార్లో కొనేదాంట్లో సరస్సులో పుట్టిన చేప ఎంత, గట్ల మధ్య మేత వేసి పెంచింది ఎంత అని అడిగితే చాలామంది అమ్మేవాళ్ల దగ్గర జవాబుండదు.

ఏ చేప అన్న ప్రశ్న మామూలు వేటగాడికి అరుదుగా వస్తుంది, వచ్చిందంటే మాత్రం అన్నిటికన్నా ప్రమాదం. బొచ్చె, రవ్వ, కొర్రమీను, వాలుగ, వంజరం, చందువ, వీటిని పట్టినందుకు వన్యప్రాణి చట్టం ఎవరినీ ఏమీ అనదు. కానీ 2001లో తిమింగల సొరను, రంపం మూతి చేపలను, గంగా సొరను, మరికొన్ని సొరలను, టేకు చేపలను, సముద్రపు గుర్రాలన్నిటినీ, రాక్షస గ్రూపర్ చేపను మొదటి షెడ్యూల్లో చేర్చారు. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాక షెడ్యూళ్లు మొత్తం తిరగరాశారు, పాత జాబితా ఫొటోలు నమ్ముకోవద్దు. మొదటి షెడ్యూల్ ప్రాణి అంటే పులితో సమానం. పట్టినా, చంపినా, అమ్మినా కనీసం మూడేళ్లు, ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. ఎండిన సముద్రపు గుర్రం మందుకు పనికొస్తుందని ఎవడో చెప్పాడని దగ్గర పెట్టుకున్నా కేసే, అది ఎలా వచ్చిందో నిరూపించుకోవాల్సిన భారం కూడా నీ మీదే పడుతుంది.

మరి కావాలని కాకుండా వలలో పడితే? వల ఏ చేపనూ అడిగి పట్టదు కదా. అనుకోకుండా పడిందాన్ని బతికుండగానే వదిలేస్తే ఎవరూ నేరస్తుణ్ణి చేయరు. 2021 డిసెంబర్‌లో విశాఖ దగ్గర తంతడి తీరంలో రెండు టన్నుల దాకా ఉన్న తిమింగల సొర ఒకటి ఒడ్డుకు వచ్చింది. అటవీశాఖ వాళ్లు, మత్స్యకారులు, వన్యప్రాణి కార్యకర్తలు కలిసి దాన్ని మళ్లీ సముద్రంలోకి పంపించారు. అలాంటిది చచ్చిపోయి వలలో వస్తే ముక్కలు చేసి వేలం వేయకుండా ఫారెస్టు ఆఫీసుకో పోలీస్ స్టేషన్‌కో 48 గంటల్లోపు చెప్పాలి. చట్టం దృష్టిలో అది ప్రభుత్వ ఆస్తి. హార్బర్‌లో ఫొటో తీసి "అబ్బో ఎంత పెద్ద చేపో" అని పెట్టే ముందు ఆ పడవవాడికి ఈ ముక్క చెప్పండి, వాడికి నిజమైన సాయం అదే.

అక్వేరియం కోసం మన వాగుల్లోని రంగు చేపలు పట్టేవాళ్లు కూడా ఉన్నారు. కేరళ, కర్ణాటక నదుల్లో ఉండే మిస్ కేరళ చేప కథ వాళ్లకు తెలిసి ఉండాలి. ఎగుమతుల కోసం విపరీతంగా పట్టేసరికి 2008లో కేరళ మత్స్యశాఖ ఆంక్షలు పెట్టింది. వేట ఆపమన్న నెలలు ఆ చేప గుడ్లు పెట్టే నెలలతో సరిగా కలవలేదని తర్వాత పరిశోధకులు చూపించారు. రూలు ఉండటం ఒక ఎత్తు, చేప జీవితం తెలిసి రూలు రాయడం ఇంకో ఎత్తు.

సముద్రం గురించి ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్‌లో 1994 సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం కింద పడవకు రిజిస్ట్రేషన్, లైసెన్సు తప్పనిసరి. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు సంప్రదాయ పడవలకే వదలాలి. 2022 జనవరిలో విశాఖలో రింగు వలల (చేపల గుంపును చుట్టేసే పెద్ద వలల) మీద రెండు వర్గాలు కొట్టుకుని పడవలకు నిప్పు పెట్టుకున్నాయంటే, ఈ గీతల్ని నీళ్ల మీద ఎవరూ గట్టిగా కాపలా కాయకపోవడం ఒక కారణం. లోతు సముద్రంలో జంట ట్రాలింగ్‌ను (రెండు పడవలు కలిసి ఒకే వల లాగడాన్ని), ఎల్‌ఈడీ లైట్లతో వేటను కేంద్రం 2017లో నిషేధించింది.

ఇప్పుడు అమ్మకం. 2006 ఆహార భద్రత చట్టంలో చాలామందికి తెలియని మంచి నిబంధన ఒకటి ఉంది, 18వ సెక్షన్‌లో. రైతుకు, మత్స్యకారుడికి, వాళ్ల పని వరకు ఈ చట్టం వర్తించదు అని అందులో స్పష్టంగా రాశారు. అంటే తాను పట్టిన చేపను ఏటి గట్టున తానే అమ్ముకునే మనిషిని "నీకు ఫుడ్ లైసెన్స్ ఏది" అని అడిగే హక్కు ఎవరికీ లేదు. చేప మత్స్యకారుడి చేయి దాటి మారుబేరగాడి చేతిలో పడిన క్షణం నుంచి చట్టం మొదలవుతుంది. చిల్లర వ్యాపారికి రిజిస్ట్రేషన్, పెద్ద వ్యాపారానికి లైసెన్సు, శుభ్రమైన ఐసు, ఫార్మలిన్ లాంటి రసాయనాలు దగ్గరికి రానీయకూడదు, కాటాకు తూనికల శాఖ ముద్ర ఉండాలి. వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుని ఇంటికి తెచ్చిచ్చేవాళ్లు కూడా కొని అమ్ముతున్నారంటే వ్యాపారులే. ఎవరి దగ్గరా కొనకుండా తామే పట్టి తెస్తుంటే ఆ సంగతి వేరు.

ఏ చేప అని చెప్పి అమ్ముతున్నామో అది కూడా చట్టంలో భాగమే. గోదావరికి ఎర్రనీరు వచ్చాక సముద్రం నుంచి ఎదురెక్కి వచ్చే పులసకు యానాం రేవులో ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది. అదే జాతి ఇలసను ఒడిశా, బెంగాల్ వైపు నుంచి ఐసులో తెప్పించి పులస అని అంటగట్టేవాళ్లు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. కొనేవాడు అడిగిన సరుకు కాకుండా వేరేది అమ్మితే పెద్ద వ్యాపారికి 5 లక్షల దాకా, చిల్లర వ్యాపారికి 25 వేల దాకా పెనాల్టీ ఉంది. నాటు మార్పు చేప అని చెప్పి ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అమ్మడం అంతకన్నా ఘోరం, ఎందుకంటే కేంద్రం 2000లోనే ఆ చేప పెంపకాన్ని నిషేధించింది. అది వాగులోకి జారిందంటే అక్కడి నాటు చేపలను మింగేస్తుంది. నాటు మార్పు చిన్నగా ఉంటుంది. చేతికి మూడు, నాలుగు కిలోల మార్పు ఇస్తుంటే అది నాటుది కాదు.

ఈ 18వ సెక్షన్‌ను అలివి వల పక్కన పెట్టి చూడండి. ఏట్లో వల లాగినవాడి మీద మత్స్య చట్టం చూపించే శిక్ష చిన్నది. కానీ ఆ చిన్న పిల్లల్ని ఎండబెట్టించి బస్తాలకెత్తే దళారి మత్స్యకారుడు కాడు, కాబట్టి 18వ సెక్షన్ మినహాయింపు వాడికి రాదు. ఇసుకలో ఎండబెట్టిన సరుకుకు రిజిస్ట్రేషన్ ఉందా, శుభ్రత ఉందా అని వాడిని అడగొచ్చు. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు "అక్రమంగా వేట జరుగుతోంది" అని ఒక్క వాక్యంతో సరిపెట్టొద్దు. ఏ రేవు, వల కన్ను ఎంత (పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీస్తే చాలు), ఎక్కడ ఎండబెడుతున్నారు, బస్తాలు ఎక్కించే బండి నంబర్ ఏది, ఏ రోజుల్లో వస్తుంది అన్నవి రాయండి. ఒక కాపీ జిల్లా మత్స్యశాఖ అధికారికి, ఒకటి జిల్లా ఆహార భద్రత అధికారికి. మూడోది సోమవారం కలెక్టరేట్‌లో, తెలంగాణలో అయితే ప్రజావాణిలో, ఆంధ్రలో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. సంఘం లెటర్‌హెడ్ మీద, పది మంది సంతకాలతో ఇస్తే ఇంకా మంచిది.